బాలింత కాంక్రీటు

చలికాలంలో నిర్మాణ స్థలమంతటిలోకీ సుకుమారమైన ప్రాణి కాంక్రీటు. గాలి ఉష్ణోగ్రత 4 డిగ్రీల సెల్సియస్‌కు దిగే సూచన కనిపించగానే దాని చుట్టూ టార్పాలిన్లు కట్టి, పైన దుప్పట్లు కప్పి, లోపల హీటరు పెట్టి, గంటగంటకూ థర్మామీటరు చూస్తూ బాలింతకు చేసినట్లు సేవలు చేస్తారు. చెవుల్లో దూది ఒక్కటే తక్కువ. ఇందులో తప్పు పట్టవలసిందేమీ లేదు. తగినంత బలం రాకముందే అందులోని నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బి, సిమెంటు పట్టును లోపలినుంచే విడగొడుతుంది. అలా పోయే బలం సగం వరకూ ఉండవచ్చు, పైగా అది తిరిగి రాదు.

టార్పాలిన్‌కు ఇవతల నిలబడి ఇనుప చువ్వలు కడుతున్న కూలీల సంగతేమిటని కొందరు ఆవేశపరులు అడుగుతున్నారు. ఈ పోలిక బొత్తిగా అశాస్త్రీయమని సవినయంగా మనవి చేస్తున్నాను. స్లాబు పాడైతే పగలగొట్టి మళ్లీ పోయాలి, అది ఖర్చుతో కూడిన పని. మనిషి వేళ్లు కొంకర్లు పోతే చేతులు రుద్దుకోమని చెబితే సరిపోతుంది.

అయినా యాజమాన్యం దయలేనిది కాదు. మొదట తెప్పించింది పొగగొట్టం లేని ప్రొపేన్ హీటరు. అందులో వేడి వృథా కాదు, మండగా వచ్చిన వాయువులూ వృథా కావు, అన్నీ లోపలే ఉంటాయి. కిలో ప్రొపేన్ మండితే కిలోన్నరకు పైగా నీటి ఆవిరి వస్తుంది కనుక, ఆరబెట్టవలసిన గోడలకు చెమటలు పట్టాయి. కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా లేవు కాబట్టి దానిమీద ఫిర్యాదులేవీ రాలేదు. తలనొప్పీ మగతా వచ్చినవారిని మాత్రం సోమరుల జాబితాలో రాసుకున్నారు.

ఇంతలో ఘోరం జరిగింది. ఆ హీటరు వదిలే కార్బన్ డయాక్సైడు తగిలి కొత్త స్లాబు పైపొర పిండిలా రాలసాగింది. యాజమాన్యం చలించిపోయింది. మంట బయటే ఉండి, గొట్టం గుండా శుభ్రమైన వేడిగాలిని మాత్రమే లోపలికి పంపే హీటరును, అద్దె ఎక్కువైనా సరేనని, మర్నాటికల్లా దింపించింది. పాతదాన్ని కూలీల విశ్రాంతి గదికి ఉదారంగా బహూకరించి, చలి రాకుండా తలుపు మూసి ఉంచమని సలహా కూడా ఇచ్చింది.

విచిత్రమేమిటంటే, ఆ గదిలోకి ఎవరూ వెళ్లడం లేదు. టార్పాలిన్ లోపల థర్మామీటరు చూసే పనిమీద మాత్రం అందరికీ అమితమైన శ్రద్ధ పుట్టింది. గంటకోసారి ఒక్కరు చూడమంటే ఆరుగురు కలిసి పది నిమిషాలకోసారి చూసి వస్తున్నారు. ఈ క్రమశిక్షణకు కారణమేమిటో సూపర్‌వైజరుకు ఇంకా అంతుపట్టలేదు.