సాలిడ్ వుడ్ మంచం మీద చారలు ఎందుకు కలవవు?

పెళ్లిళ్ల సీజన్‌లో తిరుపతి, చిత్తూరు ఫర్నిచర్ షోరూముల్లో తరచూ వినబడే ప్రశ్న ఒకటుంది. ఆడపిల్ల తల్లిదండ్రులు మంచం తలవైపు పలక మీద వేలు పెట్టి, "ఇక్కడ చారలు ఒకలా ఉన్నాయి, పక్కనే ఇంకోలా ఉన్నాయి. ఇది అసలు చెక్కేనా?" అని అడుగుతారు. "న్యాచురల్ గ్రెయిన్ అమ్మా, అలాగే ఉంటుంది" అని సేల్స్‌మన్ చెబుతాడు. అదే షాపులో ప్లైవుడ్ మీద వెనీర్, అంటే పల్చటి చెక్క పొర అంటించిన బీరువా ఉంటుంది. దాని తలుపుల మీద చారలు పై నుంచి కింది దాకా తీర్చిదిద్దినట్టు కలిసి ఉంటాయి. చూసేవాళ్లకు అదే అసలైన చెక్క అనిపిస్తుంది, లక్ష రూపాయలు పెట్టి కొంటున్న మంచం మీద అనుమానం మొదలవుతుంది.

ఆ అనుమానానికి పెద్దగా ఆధారం లేదు. అలాగని సేల్స్‌మన్ జవాబూ పూర్తి నిజం కాదు. సాలిడ్ వుడ్‌లో చారలు కొంత కలవకపోవడం సహజమే. ఎంత కలవకుండా ఉండాలన్నది మాత్రం ప్రకృతి నిర్ణయించదు, ఫ్యాక్టరీ నిర్ణయిస్తుంది. పలకలను చూసి, ఏరి, జత చేసే పనిని ఫ్యాక్టరీలు ఖర్చు కింద లెక్కేసి వదిలేస్తున్నాయి. దాని ఫలితాన్ని ముదురు రంగు కింద దాచి మనకు అమ్ముతున్నాయి. నా అభ్యంతరమంతా అక్కడే.

చార ఎలా పుడుతుందో ముందు చూద్దాం. ఎండాకాలం, వానాకాలం స్పష్టంగా వేరుగా ఉండే చోట పెరిగే టేకు లాంటి చెట్లలో కాండం లోపల వలయాలు ఏర్పడతాయి. దుంగను రంపం కింద వరుసగా పలకలుగా కోస్తే, వలయాలను రంపం ఏ కోణంలో తాకిందన్నదాన్ని బట్టి చార మారిపోతుంది. అంచుల వైపు తీసిన పలకల మీద కమానులు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు వెడల్పాటి గీతలు వస్తాయి. దుంగ మధ్య నుంచి తీసిన పలకల మీద దాదాపు నిలువుగా, దగ్గర దగ్గరగా గీతలు వస్తాయి. చెట్టు ఒకటే, దుంగ ఒకటే, అయినా ఆ రెండు పలకలను పక్కపక్కన పెడితే వేర్వేరు చెట్లవనిపిస్తాయి. దీనికి తోడు లోపలి చేవ ముదురు రంగులో, దాని చుట్టూ ఉండే చేవలేని చెక్క లేత రంగులో ఉంటాయి. శీషం చెక్కలో ఈ తేడా మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఇక ఫ్యాక్టరీ సంగతి. అక్కడ మంచాన్ని పెద్ద పలకలతో చేయరు. కోసిన చెక్కను కొలిమి లాంటి గదుల్లో ఆరబెట్టి తేమను 8 నుంచి 12 శాతానికి తెస్తారు. తర్వాత ముడులు, పగుళ్లు, పుచ్చులు ఉన్న చోటల్లా కోసి తీసేస్తారు. మిగిలేవి పొట్టి ముక్కలు. వాటి కొసలకు రంపపు పళ్లలాంటి గాట్లు పెట్టి, జిగురుతో ఒకదానిలో ఒకటి దూర్చి పొడవు చేస్తారు. దీన్నే ఫింగర్ జాయింట్ అంటారు. అలా వచ్చిన రెండు మూడు అంగుళాల బద్దలను పక్కపక్కన అంటించి ప్యానెల్ తయారు చేస్తారు. ఒక డైనింగ్ టేబుల్ పైభాగంలో అలాంటి బద్దలు పదికి పైగా ఉండొచ్చు. ఏ బద్ద ఏ చెట్టుదో, దుంగలో ఏ వైపుదో అక్కడ ఎవరూ చూడరు. మందం, వెడల్పు సరిపోయాయా లేదా అన్నదే చూస్తారు.

ఇంత సన్నగా ఎందుకు కోస్తారంటే, మిగిలిన ముక్కలతో పని కానిచ్చేయడానికేనని చాలామంది అనుకుంటారు. అది సగం నిజం. చెక్క ఎండినప్పుడు వలయాల వెంబడి కుదించుకుపోయేది, వాటికి అడ్డంగా కుదించుకుపోయే దానికి దాదాపు రెట్టింపు ఉంటుంది. అందుకే వెడల్పాటి పలక ఒకే ముక్కగా ఉంటే దొప్పలా వంగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఎండ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల చెమ్మ ఉండే మన తిరుపతిలో ఇది అందరికీ అనుభవమే. సన్నటి బద్దలు ఆ వంకరను చిన్న చిన్న భాగాలుగా పంచేసుకుంటాయి. కాబట్టి బద్దలు అతికించడం మోసం కాదు, మంచి ఇంజినీరింగ్. పైగా 25, 30 ఏళ్ల వయసు వచ్చి పాలు తగ్గాక కొట్టేసే రబ్బరు చెట్ల నుంచి పనికొచ్చే ఫర్నిచర్ వస్తోందంటే ఈ పద్ధతి పుణ్యమే. ఆ చెట్ల కాండాలు లావుగా ఉండవు, వాటి నుంచి రెండడుగుల పలక రమ్మన్నా రాదు.

మరి వెనీర్ మీద చారలు అంత చక్కగా ఎలా కలుస్తాయి? ఒక అంగుళం మందం పలక వచ్చే చోట అర మిల్లీమీటరు పొరలు యాభై దాకా వస్తాయి. వరుసగా తీసిన ఆ పొరలన్నిటి మీదా చార దాదాపు ఒకేలా ఉంటుంది. పుస్తకం తెరిచినట్టు రెండు పొరలను ఎదురెదురుగా పరిస్తే అద్దంలో బొమ్మలా కలుస్తుంది. సాలిడ్ వుడ్‌తో బీరువా మొత్తం అలా చేయాలంటే అసాధ్యమైనంత కష్టం. ఇక లామినేట్ మీదది చెక్క చార కాదు, అచ్చువేసిన బొమ్మ. కాస్త ఓపిగ్గా చూస్తే ఒకే ముడి కొన్ని అడుగుల తర్వాత మళ్లీ కనిపిస్తుంది. కాబట్టి పెద్ద తలుపు మీద చారలు లోపం లేకుండా కలిశాయంటే అది సాలిడ్ వుడ్ కాకపోవడానికే ఎక్కువ అవకాశం.

నిజం తెలుసుకోవాలంటే టేబుల్ పైభాగాన్ని కాకుండా దాని కొసను చూడాలి. పైన కనిపించే గీతలు అంచు దాటి కొసలోకి దిగుతున్నాయా, అక్కడ వలయాల ముక్కలు వంపులుగా కనిపిస్తున్నాయా అన్నది చూడాలి. అంచు చుట్టూ సన్నటి పట్టీ అంటించి ఉంటే లోపల ఇంకేదో ఉందన్నమాట. అడుగు భాగం, సొరుగు వెనక వైపు కూడా తడిమి చూడండి. అక్కడ పాలిష్ పలచగా ఉంటుంది కాబట్టి బద్దలు, ఫింగర్ జాయింట్లు తేలిగ్గా దొరుకుతాయి.

అసలు ఇబ్బందికి వద్దాం. రంగు తేడాలున్న బద్దలను అంటించాక వాటిని ఒకేలా చూపించడానికి రంగు కలిపిన పాలిష్‌ను స్ప్రే చేస్తారు. వాల్‌నట్ ఫినిష్, టీక్ ఫినిష్, హనీ ఫినిష్ పేర్లతో అమ్మేవి ఎక్కువగా ఇవే. రబ్బరు చెక్కలో వలయాలు పెద్దగా కనిపించవు, అది లేత రంగు చెక్క. దానికి టేకు రంగు కొట్టి "టీక్ ఫినిష్" అని రాస్తే, టేకు అనుకుని కొనేవాళ్లు ఎంతమందో! రెండేళ్లకు సొరుగు అంచున గీత పడితే లోపలి తెలుపు బయటపడుతుంది. దాన్ని సరిచేయమని లోకల్ పాలిష్ మేస్త్రీని పిలిస్తే, ఫ్యాక్టరీ రంగును కలపడం ఆయన వల్ల కాదు. ఇంకో చిక్కు కూడా ఉంది. నిలువు చారల బద్ద పక్కన కమాను చారల బద్దను అంటిస్తే, వానాకాలం చెమ్మకు రెండూ ఒకేలా ఉబ్బవు. టేబుల్ మీద చెయ్యి పెడితే అతుకు దగ్గర సన్నటి గట్టు తగులుతుంది. అంటే చారలు చూసి జత చేయడం అందానికే కాదు, మన్నికకూ సంబంధించిన పని.

ఆ పని వడ్రంగం చేసే మన ఆచారులకు బాగా తెలుసు. ఇల్లు కట్టుకునేవాళ్లు ఆచారిని వెంటబెట్టుకుని టింబర్ డిపోకు వెళ్లేవాళ్లు. సింహద్వారం రెండు రెక్కలకూ ఒకే దుంగ పలకలు ఏరుకునేవాళ్లు. చిత్రిక పట్టాక చార బయటపడితే, పలకలను అటూ ఇటూ తిప్పి చూసి అప్పుడే అతికేవాళ్లు. ఆ రోజుల్లో అంతా బాగుండేదని నేను అనను. సరిగా ఆరని చెక్కతో చేసిన తలుపులు వానలకు బిగుసుకుపోవడం మన ఇళ్లలో కొత్త కాదు, ఆరబెట్టే విషయంలో ఫ్యాక్టరీదే పైచేయి. అయితే చెక్కను కళ్లతో చదివే అలవాటును కూడా ఫ్యాక్టరీ తీసేయాల్సిన అవసరం లేదు. ఏర్పేడు మండలం మాధవమాలలో బొమ్మలు చెక్కే కళాకారుడు చార ఎటు పోతోందో చూడకుండా ఉలి పెట్టడు, పెడితే చెక్క పెచ్చులూడిపోతుంది.

చారకు ఎంత విలువుందో ఈ ప్రాంతానికి ఇంకొకరు చెప్పక్కర్లేదు. శేషాచలం అడవుల ఎర్రచందనానికి అంతర్జాతీయంగా అంత ధర పలకడానికి రంగుతో పాటు అలల్లాంటి చార కూడా కారణం. అలల చార ఉన్న దుంగకూ మామూలు దుంగకూ గ్రేడులు వేరు, ధరలు వేరు. చెట్టు నిలబడి ఉండగా బయటి నుంచి చూసి అది ఉందో లేదో చెప్పడం కష్టం. చైనా రాజవంశాల కాలం నుంచి ఆ దేశపు ఖరీదైన ఫర్నిచర్‌లో ఈ చెక్క వాడారు. అంతరించే ప్రమాదమున్న జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైట్స్ ఒప్పందం రెండో అనుబంధంలో 1995 నుంచి దీనికి రక్షణ ఉంది. గీత కోసం ప్రపంచం ఇంత ధర పెట్టే చెట్టు మన కొండల మీద పెరుగుతుంటే, మన ఇంటికొచ్చే మంచం మీది గీతను ముదురు రంగు కింద ఎవరో దాచేస్తుంటే ఊరుకోవడం నాకు నచ్చదు.

ఫ్యాక్టరీలు చేయగలిగింది చాలానే ఉంది. మొత్తం మంచానికి బద్దలు జత చేయనక్కర్లేదు. తలవైపు పలక, టేబుల్ పైభాగం, సొరుగుల ముఖాలు, ఇలా కంటికి కనిపించే చోట్లకు మాత్రం ముందుగా ఏరిన బద్దలు వాడితే చాలు. మూడు సొరుగుల ముఖాలను ఒకే పలక నుంచి వరుసగా కోసి, సుద్దతో నంబర్లు వేసి, అదే వరుసలో బిగిస్తే చార పక్కపక్కకు నడుస్తుంది. దీనికి అదనపు యంత్రం అక్కర్లేదు, బద్దలను చూసే ఒక మనిషి, కొద్దిపాటి సమయం కావాలి. ఏ చెక్క, ఫింగర్ జాయింట్ ఉందా, పైన కొట్టింది రంగు పాలిషా, రంగులేని పాలిషా అన్నవి లేబుల్ మీద రాయాలి. వస్తువు గురించి తప్పుదారి పట్టించే వర్ణన ఇవ్వడాన్ని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగానే చూస్తుంది. రబ్బరు చెక్కను "టీక్" అనే మాట చాటున అమ్మేవాళ్లను అడిగే హక్కు మనకుంది. బిల్లు మీద చెక్క పేరు రాయించుకోండి, అదేమీ గొంతెమ్మ కోరిక కాదు.

మనవైపు నుంచి కూడా ఒక మార్పు రావాలి. ఆన్‌లైన్ ఫొటోలో ఉన్న చారే ఇంటికి రావాలని పట్టుబట్టే కొద్దీ ఫ్యాక్టరీలు రంగు ఇంకా దట్టంగా కొడతాయి. రంగులేని పాలిష్ వేసిన సరుకు అడిగి, కొద్దిపాటి తేడాలను చెక్క స్వభావంగా తీసుకుంటే వాళ్లూ ఏరడం మొదలుపెడతారు.

చిత్తూరు జిల్లాకు దీనిలో సొంత లాభం కూడా ఉంది. రాజస్థాన్ వర్క్‌షాపులు మామిడి చెక్కతో చేసిన బల్లలు, అల్మారాలు దేశమంతా అమ్ముతున్నాయి. బంగారు గోధుమ రంగు మీద నల్లటి, గులాబీ జీరలు ఉండే ఆ చెక్కకు మంచి గిరాకీ ఉంది. ఇక్కడ మాత్రం మామిడి కట్టె అంటే వంటచెరకు, ప్యాకింగ్ పెట్టెలు, సెంట్రింగ్ పలకలు. 2025లో తోతాపురి మామిడి ధర పడిపోయి రైతులు రోడ్డెక్కారు. కాపు తగ్గిన ముసలి చెట్లను ఎలాగూ తీసేసి కొత్త మొక్కలు పెట్టే తోటల్లో, ఆ మొద్దులను కొలిచి, కోసి, పురుగు పట్టకుండా మందు పట్టించి ఆరబెట్టే చిన్న యూనిట్లు మండలానికి ఒకటైనా పెడితే వంటచెరకు ధర కంటే మెరుగైన ధర రావచ్చు. చార చూసి జత చేయగల ఆచారులు ఈ జిల్లాలో ఇంకా ఉన్నారు. వాళ్లకు ఆరిన చెక్క అందించే ఏర్పాటు ప్రభుత్వం ఇప్పుడే చేయాలి.