దూరపు ఆకులు నునుపు

విశాఖపట్నం ప్రజల ఆరోగ్యం పట్ల ఇన్నాళ్లూ తీవ్రమైన నిర్లక్ష్యం జరిగింది. సముద్రపు గాలి ఉచితంగా ఇచ్చారు. పొద్దున్నే బండ్లు ఆపేసి బీచ్ రోడ్డుని నడకకి వదిలారు. సింహాచలం మెట్లు ఎప్పట్నుంచో ఉన్నాయి. అయినా మన ఒంట్లో ఏదో తక్కువ. ఆ తక్కువ పేరు యెర్బా మాతే అని ఈమధ్య సెల్‌ఫోన్ వీడియోలు తేల్చేశాయి. తేలిన మర్నాటి నుంచే ఎంవీపీ కాలనీ, లాసన్స్ బే వైపు కొందరి చేతుల్లో ఒక ఎండు బుర్ర, అందులోంచి పొడుచుకొచ్చిన ఒక స్టీలు గొట్టం కనిపిస్తున్నాయి. ఇంకా కొనని అభాగ్యుల కోసం, కొని ఏం చెయ్యాలో తోచని భాగ్యవంతుల కోసం ఈ నాలుగు ముక్కలు.

పరాగ్వే, ఈశాన్య అర్జెంటీనా, దక్షిణ బ్రెజిల్ అడవుల్లో పెరిగే ఒక చెట్టు ఆకు ఈ మాతే. శాస్త్రీయ నామం ఐలెక్స్ పరాగ్వారియెన్సిస్. ఐరోపావాళ్లు అక్కడ అడుగు పెట్టకముందే గ్వరానీ జనం దీన్ని తాగేవారు. ఆకుని మంట మీద క్షణాల్లో చుర్రుమనిపించి, ఆరబెట్టి, నలగ్గొట్టి, నెలల తరబడి మాగబెడతారు. బుర్రలో సగానికి పైగా ఆకు పోసి, వేడినీళ్లు పోసి, అడుగున జల్లెడ ఉన్న గొట్టంతో పీలుస్తారు. బీచ్ రోడ్డు మీద చోడి (రాగి) అంబలి అమ్మే ఆవిడ ఆ బుర్రలోకి ఒకసారి తొంగిచూసి, "ఓలమ్మో, ఇదేటి బాబూ, ఎండుగడ్డి నానేసినట్టున్నాది" అంది. ఆవిడకి దూర సిద్ధాంతం తెలియదు. ఆవిడ తప్పేం లేదు, అది ఇప్పుడే మొదటిసారి అచ్చవుతోంది.

సిద్ధాంతం ఇదీ: ఏ పదార్థంలోని ఆరోగ్యమైనా, అది మన నోటిదాకా రావడానికి ప్రయాణించిన దూరానికి అనులోమానుపాతంలో ఉంటుంది.

నిదర్శనాలు మన కళ్లెదుటే ఉన్నాయి. అరకు ఇక్కడికి వంద కిలోమీటర్ల పైచిలుకు. అక్కడి కాఫీని అక్కడే తాగినన్నాళ్లూ అది వట్టి కాఫీ. 2017లో పారిస్‌లో దానికో దుకాణం వెలిశాక, 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చాక, సిరిపురంలో మనుషులు దాన్ని కళ్లు మూసుకుని తాగడం మొదలుపెట్టారు. చోళ్ల సంగతీ అంతే. వంద గ్రాముల చోళ్లలో మూడొందల మిల్లీగ్రాములకి పైగా కాల్షియం ఉంది. అది మన తాతల కాలంలోనూ ఉంది. కానీ 2023ని అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ఐక్యరాజ్యసమితి ప్రకటించేదాకా ఆ కాల్షియం పనిచేసిన దాఖలాలు లేవు. చోళ్లు న్యూయార్కు దాకా వెళ్లి వచ్చాయన్నమాట, కాగితం మీదైనా.

ఇక మాతే. మనకి పొద్దున్న ఆరైతే బ్యూనస్ ఐరిస్‌లో ముందురోజు రాత్రి తొమ్మిదిన్నర. ఇంకొంచెం దూరం వెళితే మళ్లీ ఇటు దగ్గరైపోతాం. కాబట్టి ఇంతకన్నా ఆరోగ్యకరమైన ఆకు ఈ భూగోళం మీద దొరకదు. వేరే గ్రహం చూసుకోవాలి.

సిద్ధాంతానికి ఒక్కటే ఇబ్బంది: అక్కడివాళ్లు. వాళ్లకి దూరం సున్నా, కాబట్టి ఆరోగ్యమూ సున్నా కావాలి. అయినా బస్సు డ్రైవర్లు తాగుతున్నారు, పశువులు కాసేవాళ్లు తాగుతున్నారు, మెస్సీ తాగుతున్నాడు, పోప్ ఫ్రాన్సిస్ తాగేవారు. 2013లో అర్జెంటీనా దీన్ని చట్టం చేసి మరీ జాతీయ పానీయంగా ప్రకటించింది. తలసరి లెక్కలో ఉరుగ్వే వాళ్లది మొదటి స్థానం. అంత తాగుతున్నా ఉరుగ్వేలో ఆసుపత్రులు మూతపడ్డ వార్త ఇంతవరకూ రాలేదు.

ఈ ఆకు కోసం బందీ అయినవాడు కూడా ఉన్నాడు. ఎమే బాన్‌ప్లాన్ అని ఫ్రెంచి వృక్ష శాస్త్రవేత్త. పరాగ్వే సరిహద్దు పక్కన మాతే సాగు మొదలుపెట్టాడు. తమ గుత్తాధిపత్యానికి గండి పడుతుందని పరాగ్వే నియంత ఫ్రాన్సియా 1821లో సైనికుల్ని పంపి అతన్ని పట్టి తెప్పించాడు. దాదాపు పదేళ్లు ఆ దేశంలోనే బందీ. అక్కడి జనానికి వైద్యం చేస్తూ కాలం గడిపాడు పాపం. మనకా శ్రమ లేదు. ఫోన్ మీద ఒక వేలు నొక్కితే మూడోరోజు గుమ్మం దగ్గర బెల్లు మోగుతుంది.

ఇక ప్రయోజనాలు. ప్యాకెట్టు వెనక చదివితే బరువు తగ్గడం దగ్గర మొదలై ఆయుర్దాయం దాకా వెళుతుంది. ఆకు లోపల చూస్తే కెఫీన్ ఉంది. థియోబ్రోమిన్ ఉంది, అది చాక్లెట్‌లోనూ ఉంటుంది. క్లోరోజెనిక్ ఆమ్లాలున్నాయి, అవి కాఫీలోనూ ఉంటాయి. సాపోనిన్లున్నాయి, చేదుకీ నురగకీ వాటి వంతు సాయం చేస్తాయి. చెడ్డ కొలెస్ట్రాల్ కొంచెం తగ్గినట్టు బ్రెజిల్‌లో చిన్న స్థాయి అధ్యయనాలు చూపించాయి. బరువు మీద కూడా కొద్దిపాటి ఫలితాలు చెబుతారు. అంటే తాగినవాడికి చురుకు పుడుతుంది, మగత వదులుతుంది, రోజంతా కోలాలు తాగే అలవాటు ఉన్నవాడైతే ఆ చక్కెర తప్పుతుంది. ఇదంతా నిజమే. ఇంత చిన్న నిజాన్ని అంత పెద్ద ప్యాకెట్టు మీద వేస్తే ఖాళీ మిగిలిపోతుందని మిగతావి రాసి ఉంటారు.

లెక్క మాత్రం ఒకటి చూసుకోవాలి. ఒక బుర్రలో ముప్ఫై నుంచి యాభై గ్రాముల ఆకు పడుతుంది. అందులో కెఫీన్ ఒక శాతం అనుకున్నా మూడు వందల నుంచి ఐదు వందల మిల్లీగ్రాములు. అంతా నీళ్లలోకి దిగదు గానీ, మళ్లీ మళ్లీ నీళ్లు పోస్తూ ఫ్లాస్కు ఖాళీ చేస్తే చాలా వరకు దిగుతుంది. ఆరోగ్యవంతుడైన పెద్దవాడికి రోజుకి 400, గర్భిణికి 200 మిల్లీగ్రాములు దాటొద్దని ఐరోపా ఆహార భద్రతా సంస్థ చెప్పింది. పైగా పొద్దున్న రెండు టీలు, పదకొండింటికి ఫిల్టర్ కాఫీ మన రాజ్యాంగ హక్కులు, వాటినెవరూ మానరు. రక్తపోటు, గుండెదడ ఉన్నవాళ్లు డాక్టరుగారిని అడిగి మొదలుపెట్టడం మంచిది. రక్తహీనత ఉన్న ఆడవాళ్లు భోజనం దగ్గర మాత్రం తాగొద్దు. ఇందులోని పాలీఫినాల్స్ ఇనుముని ఒంటికి పట్టనివ్వవు. మునగాకు పప్పు వండి పైన ఇది తాగితే ఆ ఇనుములో కొంత వచ్చిన దారినే పోతుంది.

ఎన్నుకునే విద్యకి వద్దాం. మన మేధావి వర్గం దీనికి అనుసరించే పద్ధతి ధర. ఎక్కువ ధరది మంచిది. ఈ పద్ధతిలో శ్రమ తక్కువ. శ్రమ పడదలచినవాళ్లు ప్యాకెట్టు మీద స్పానిష్ మాటలు వెతకాలి. 'కోన్ పాలో' అంటే పుల్లలతో కలిపినది, రుచి మెత్తగా ఉంటుంది, కొత్తవాళ్లకి అదే నయం. 'సిన్ పాలో' అంటే ఆకే ఎక్కువ, చేదూ ఎక్కువే. పుల్లలు కనపడగానే కల్తీ అని వినియోగదారుల ఫోరానికి పరిగెత్తొద్దు, అక్కడి నిబంధనల ప్రకారమే కొంత పుల్ల ఉండొచ్చు. రంగు పచ్చిగడ్డిలా మెరుస్తూ, పొడి మెత్తగా ఉంటే అది బ్రెజిల్ వాళ్ల షిమహావ్, మాగబెట్టనిది, తాజాగా తాగాల్సినది. మన దాకా వచ్చేసరికి దాని తాజాతనం ఓడలోనే రిటైరై ఉంటుంది. అర్జెంటీనా రకం ఎలాగూ నెలల తరబడి మాగినదే కాబట్టి ప్రయాణాన్ని తట్టుకుంటుంది. తేదీ చూడండి, దిగుమతిదారు చిరునామా, ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు చూడండి. విప్పాక గాలి చొరని డబ్బాలో పెట్టాలి. విశాఖ గాలిలో ఉప్పే మెత్తబడి కరుగుతుంది, ఆకెంత.

పొగ సంగతి మాత్రం ప్యాకెట్టు అందం కన్నా ముఖ్యం. కొన్ని రకాల్ని కట్టెల పొగలో ఆరబెడతారు. ఆ వాసన ఇష్టపడేవాళ్లున్నారు, కానీ పొగతో పాటు పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు అనే, క్యాన్సర్‌తో సంబంధమున్న అవాంఛిత బంధువులు ఆకుకి పట్టుకుంటారు. పొగ తగలకుండా ఆరబెట్టింది దొరికితే అదే కొనండి. రెండోది వేడి. 65 డిగ్రీలకి మించిన వేడితో ఏ పానీయం తాగినా అన్నవాహిక క్యాన్సర్‌కి బహుశా కారణం కావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2016లో చెప్పింది. తప్పు మాతేది కాదు, వేడిది. ఇక్కడ కప్పు కూడా కాదు, లోహపు గొట్టం, తిన్నగా గొంతులోకి. పొగలు కక్కే టీని గుటకలో మింగడమే మగతనమనుకునే మన జగదాంబ జంక్షన్‌కి ఈ వార్త ఇంకా చేరలేదు.

నన్నడిగితే ఈ ఊరికి తగినది పరాగ్వే పద్ధతే. వాళ్లు ఇదే ఆకుని చన్నీళ్లతో, ఐసుతో, పుదీనా లాంటి ఆకులు దంచి వేసి తాగుతారు. తెరెరే అంటారు, 2020లో యునెస్కో వారసత్వ జాబితాలోకి కూడా ఎక్కింది. ఏప్రిల్ ఉక్కలో చొక్కా వీపుకి అతుక్కుపోతుంటే మరిగిన నీళ్లు పీల్చే వీరుల్ని గౌరవిస్తాను, అనుసరించను. రియో బీచుల్లో కుర్రాళ్లు లోహపు డబ్బాలు భుజాన వేసుకుని చల్లటి మాతే అమ్ముతారు. ఆర్కే బీచ్‌లో మురీ మిక్స్చర్ పక్కన అది రావడానికి కావలసింది ఒక డబ్బా, ఒక భుజం. అయితే చవగ్గా దొరికితే ఆరోగ్యం తగ్గిపోతుంది, అదొక భయం.

బుర్ర గురించి చెప్పకపోతే పాపం. దూర సిద్ధాంతానికి పరాకాష్ఠ అది. వందల రూపాయలు పోసి తెప్పించుకుంటున్న ఆ అపురూపమైన పాత్ర ఏమిటంటే, ఎండిన ఆనపకాయ. అదే మొక్క, అదే జాతి, మన రైతుబజారులో పప్పులోకి కొనేదే. ఏజెన్సీలో ఈ బుర్రల్లో నీళ్లు, అంబలి మోసుకెళ్లడం ఎరుగుదుం. అప్పుడు అది వెనకబాటుతనం. అట్లాంటిక్ దాటి వచ్చింది కాబట్టి ఇప్పుడు సంస్కృతి. కొన్నవాళ్లు వాడిన ప్రతిసారీ కడిగి, పూర్తిగా ఆరబెట్టాలి. మన తేమకి రెండు రోజుల్లో బూజు పడుతుంది, ఆ బూజులో ఏ ప్రయోజనాలున్నాయో వీడియోలు ఇంకా చెప్పలేదు. స్టీలు గ్లాసు చాలు. కానీ స్టీలు గ్లాసుతో ఫొటో బాగా రాదు.

ప్యాకెట్టు మీద ఎక్కడా రాయని విషయం ఒకటుంది. అక్కడ దీన్ని ఒంటరిగా కన్నా నలుగురూ కూచుని తాగడమే మర్యాద. నీళ్లు పోసేవాడు ఒకడే. మొదటి బుర్ర, అంటే అన్నిటికన్నా చేదుది, తనే తాగుతాడు. తర్వాత నింపి ఒక్కొక్కరికీ ఇస్తాడు, ఖాళీ చేసి తిరిగి అతనికే ఇవ్వాలి. అర్జెంటీనా వెళ్లి తిరిగొచ్చిన వలస జనం ఈ అలవాటుని సిరియా, లెబనాన్‌లకి మోసుకెళ్లారు. ఇవాళ అర్జెంటీనా మాతే అందరికన్నా ఎక్కువ కొనే దేశం సిరియా. ఆకుతో పాటు కూచునే పద్ధతి కూడా వెళ్లింది కాబట్టే అక్కడ నిలిచింది. మన దగ్గరికి ఆకు, గొట్టం వచ్చాయి. కూచునేవాళ్లు కార్టులో లేరు.

ఈ లోటు తీర్చడానికి మా వాకింగ్ బృందంలో రిటైరైన ఇంజనీరు మాస్టారొకరు నడుం కట్టారు. పార్కు బెంచీ మీద లీటరు ఫ్లాస్కుతో, నిండు బుర్రతో శాస్త్రోక్తంగా కూచున్నారు. మొదటిది తను తాగారు. తర్వాత వరసగా అందరికీ. ఒక్కో గుక్క పీల్చి, మొహం సర్దుకుని, మన మర్యాద ప్రకారం ప్రతివాడూ "థాంక్స్ మాస్టారూ" అంటూ బుర్ర తిరిగిచ్చాడు. థాంక్స్ చెప్పి తిరిగిస్తే ఇక చాలు, నాకు మళ్లీ వద్దు అని అక్కడి ఆచారం. మాస్టారికి ఆ ఆచారం తెలుసు, నియమం తప్పే మనిషి కాదు. రెండో వరసకి ఎవరూ మిగల్లేదు. లీటరూ ఆయనే పూర్తి చేశారు. ఆ రాత్రి రెండున్నరకి బృందం గ్రూపులోకి ఆయన దగ్గర్నుంచి ఒక వీడియో వచ్చింది: గాఢ నిద్ర వల్ల కలిగే పదకొండు లాభాలు. రెండూ నలభైకి ఇంకోటి. మూడింటికి, అందరూ మేలుకునే ఉన్నారా అని అడిగారు.