ముప్ఫై నాలుగు తలలు, ఒక చెరువు

చెన్నై ఓఎంఆర్‌ (పాత మహాబలిపురం రోడ్డు)లోని మా అపార్ట్‌మెంటులో ఉన్న తెలుగువాళ్లమంతా కలిసి మొన్న సేలం దగ్గరి ఏర్కాడు కొండమీద క్యాంపు వేశాం. కొండ, చెరువు, చలి, చేతిలో టీ గ్లాసు ఉంటాయని అమాయకంగా బయల్దేరాను. బస్సెక్కాక మా సెక్రటరీగారు వాట్సాప్‌లో నాలుగు పేజీల పీడీఎఫ్ వదిలారు. ఉదయం అయిదున్నరకు యోగా, ఆరుంబావుకు పక్షుల పరిశీలన, ఏడింటికి కొండ నడక, పదిన్నరకు పడవ, ఆ తర్వాత గోనెసంచి పరుగు, తాడు లాగుడు, నిధి వేట. మూడో పేజీ అడుగున, సాయంత్రం 4.20 నుంచి 4.30 వరకు, 'ప్రకృతి ఆస్వాదన' అని ఉంది. పక్కనే చుక్క గుర్తు పెట్టి 'సమయం ఉంటే' అని రాశారు.

అసలు ఊటీయో కొడైకెనాలో వెళ్దామనుకున్నాం. 2024 మే నుంచి ఆ రెండింటికీ ఈ-పాస్ (ఆన్‌లైన్‌లో తీసుకునే వాహన అనుమతి) కావాలి. ఫారం ఎవరు నింపాలన్న దాని మీద కమిటీ రెండు వర్గాలుగా చీలిపోయింది. ఆ విధంగా సేలం దాటి, ఇరవై హెయిర్‌పిన్ మలుపులు తిరిగి, మూడు కవర్లు నింపి (పిల్లల కడుపులో ఉన్నవాటితో) ఏర్కాడు చేరాం. తమిళంలో ఏరి అంటే చెరువు, కాడు అంటే అడవి. పేరులోనే రెండూ ఉన్నాయి కదా, మళ్లీ విడిగా చూడటమెందుకని మా కమిటీ భావించి ఉంటుంది.

తెల్లదొరలకు ఈ ముందుచూపు లేదు. కోయంబత్తూరు కలెక్టరు సల్లివన్ 1820లలో ఊటీలో చెరువు కట్టించాడు. మదురై కలెక్టరుగా చేసిన లెవింజ్ 1863లో కొడైకెనాల్లో ఇంకోటి కట్టించాడు. ఏర్కాడులో చెరువు ముందే ఉండటంతో సేలం కలెక్టరు కాక్‌బర్న్ కాఫీ మొక్కలు తెప్పించి ఊరుకున్నాడు. ముగ్గురూ అంత అధికారం చేతిలో ఉంచుకుని కూడా నీళ్ల పక్కన ఒక్క గోనెసంచి పరుగు పెట్టించిన దాఖలా లేదు. చెరువుంటే చాలు, జనం వచ్చి చూస్తారులే అనుకున్నట్టున్నారు.

బృందంగా క్యాంపుకెళ్లినవాళ్లకు అన్నిటికంటే ముఖ్యమైన ఆట తలలెక్క. దీన్ని ఇంకా క్రీడల్లో చేర్చకపోవడం అన్యాయం. మేం ముప్ఫై నాలుగు మందిమి. దూరం నుంచి గుర్తుపట్టడానికి అందరికీ నారింజ రంగు టోపీలిచ్చారు. చెరువు దగ్గర దిగాక చూస్తే, వచ్చిన ప్రతి గుంపుకూ నారింజ టోపీలే! సెక్రటరీగారు బస్సు మెట్టెక్కి వేలు చూపిస్తూ లెక్కపెట్టారు. ముప్ఫై మూడు. "మిమ్మల్ని మీరు కలుపుకోండి బావగారూ" అన్నారు కోశాధికారి. ఏరు దాటి తనను తాను లెక్కలో మరిచిపోయే పరమానందయ్యగారి శిష్యుల కథ మనకు పుట్టుకతోనే తెలుసు కదా. ఆయన అప్పటికే కలుపుకున్నారట. నొచ్చుకుని, ముందు తన గుండె మీద తట్టుకుని 'ఒకటి' అంటూ మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ ముప్ఫై మూడే. మూడోసారి ముప్ఫై ఆరొచ్చింది, ఎందుకంటే లెక్క అయిన పిల్లలు వెనకనుంచి తిరిగొచ్చి మళ్లీ నిలబడ్డారు. డ్రైవరన్న బీడీ ఆర్పేసి "ఇన్నుమా సార్?" (ఇంకానా సార్?) అన్నాడు. ఈ లోపు పక్షుల పరిశీలన రద్దయింది. ఒక కాకి వచ్చి మమ్మల్ని పరిశీలించి పోయింది.

పడవ దగ్గరకొద్దాం. పెడల్ బోటులో ఇద్దరికీ తొక్కుడు ఉంటుంది, చుక్కాని పిడి మాత్రం ఒక్కటే, ఇద్దరి మధ్యా. దాంపత్యం గురించి ఇంత తెలిసినవాడు ఆ బోటును తయారుచేసి ఉంటాడని నా అనుమానం. మా ఆవిడ కుడివైపు తిప్పమంది, నేను కుడివైపే తిప్పాను. ఆవిడన్నది తన కుడి కాదట, చెరువుకి కుడి అట. ఇరవై అయిదు నిమిషాలు ఒకే చోట గుండ్రంగా తిరిగాం, సత్యనారాయణ వ్రతంలో ఆత్మప్రదక్షిణ చేసినట్టు. లైఫ్ జాకెట్ అంతకు ముందు ఎవరు తొడుక్కున్నారో వాళ్ల మధ్యాహ్న భోజనంతో సహా చెప్పగలను. ఒడ్డున సెక్రటరీగారు ఈల ఊది, మేం 'నిర్ణీత దూరం' వెళ్లలేదని రాసుకున్నారు.

లేడీస్ సీట్, జెంట్స్ సీట్, చిల్డ్రన్స్ సీట్ అని అక్కడ మూడు చోట్లున్నాయి. లోయ అంచున నిలబడితే కింద సేలం పట్నం కనబడుతుంది. పీడీఎఫ్‌లో మూడింటికీ కలిపి పావుగంట. పేర్లను అక్షరాలా తీసుకుని ఆడవాళ్లను ఒకచోట, మగవాళ్లను ఇంకోచోట దించేయడంతో, ఫోటోలు తీయడం వచ్చిన ఏకైక వ్యక్తి ఎటువైపు ఉండాలన్న వివాదం మొదలై, ఆ పావుగంట అక్కడికే సరిపోయింది.

ఇంతకూ ఆ ముప్ఫై నాలుగో తల ఎవరిదంటే, మొదటి అంతస్తు మామ్మగారిది. బస్సు దిగగానే నేరుగా చెరువు గట్టుకు నడిచి, మొక్కజొన్న పొత్తు కాల్పించుకుని, నిమ్మచెక్కతో ఉప్పూకారం రాయించుకుని, బల్లమీద కూర్చున్నారట. మేం కనుక్కునేసరికి మూడు గంటలైంది. ఒళ్లో నాలుగు కంకులు ఒలిచినవి ఉన్నాయి. "పొద్దున నీళ్లమీద పొగమంచు లేచిందిరా, అవతలి ఒడ్డే కనబడలేదు. కాసేపటికి ఒక్కొక్క చెట్టూ బయటికొచ్చింది" అన్నారు. సెక్రటరీగారు గడియారం చూసుకున్నారు. ఆస్వాదనకు ఇంకా గంటా ఇరవై నిమిషాలుంది. అనుమతి లేకుండా, కేటాయించిన సమయానికి ముందే, ఒంటరిగా ఆస్వాదించినందుకు మామ్మగారికి బృందస్ఫూర్తి కింద పదికి సున్నా వేశారు. "వేస్కో నాయనా" అని ఆవిడ ఆయనకో కంకి ఇచ్చారు. ఆయన తిన్నారు. మార్కు మార్చలేదు. ఆ విషయంలో ఆయన నిజాయితీపరుడు.

4.20కి వాన మొదలైంది.

రాత్రి చలిమంట. కట్టెలు తడిసిపోవడంతో మంట లేదు, పొగే. ఆ పొగలో ఎవరి పక్కన ఎవరున్నారో తెలియకుండా రెండు గంటలు అంత్యాక్షరి ఆడాం. 'ణ' వచ్చినప్పుడల్లా ఒకాయన చీకట్లోంచి గొంతెత్తి ఏదో ఒక పద్యం అందుకుని మా జట్టును గట్టెక్కించారు. ఎవరో గాని రత్నం అనుకున్నాం. రెండో బహుమతిగా స్టీలు డబ్బా ఇచ్చాం, పక్కనే దుప్పటి కప్పుకున్న పిల్లాణ్ణి ఆయన కొడుకే అనుకుని వాడికో చాక్లెట్టు ఇచ్చాం.

మర్నాడు పొద్దున్నే దిగుదారి పట్టాం. లెక్కపెట్టి విసిగిపోయిన సెక్రటరీగారు "అందరూ ఉన్నారా?" అని మాత్రం అడిగారు. అందరూ ఉన్నామన్నారు. ఏడో మలుపు తిరిగాక ఎందుకో అనుమానం వచ్చి, తన గుండె మీద తట్టుకుని లెక్క మొదలుపెట్టారు. ముప్ఫై అయిదు. మళ్లీ పెట్టారు. ముప్ఫై అయిదే. చివరి సీట్లో నారింజ టోపీ ముఖం మీదికి లాక్కుని పడుకున్నాయన, ఒళ్లో స్టీలు డబ్బా పట్టుకుని లేచి, కిటికీలోంచి చూసి అడిగారు:

"ఏమండీ, ఇది అంబత్తూరు వాళ్ల బస్సు కాదా?"