పూలెక్స్ వారి సర్వీసు రిజిస్టరు

రోమన్ సామ్రాజ్యం కూలినా కొలువు పోని ఉద్యోగులలో పూలెక్స్ వారు అగ్రగణ్యులు. కుక్కలనూ ఎలుకలనూ ఆశ్రయించి, రెక్కలు లేకున్నా గెంతి మనుషులను కరిచే పురుగుకు లాటిన్‌లో ఉన్న పేరది. సామ్రాజ్యం పంపకాలలో వారు ఇటలీకి పుల్చెగా, స్పెయిన్, పోర్చుగల్‌లకు పుల్గాగా, రుమేనియాకు పురిచెగా, ఫ్రాన్సుకు ప్యూస్‌గా బదిలీ అయ్యారు.

పెద్ద ప్రమోషన్లు ఫ్రాన్సులోనే దక్కాయి. 1579లో కేసుల విచారణకని పారిస్ నుంచి న్యాయమూర్తులూ వకీళ్లూ ప్వాతియే పట్టణానికి తరలివెళ్లగా, అక్కడ కాత్రిన్ దె రోష్ అనే విదుషి ఎదపై ఒక ప్యూస్ కూర్చుని ఉండటం ఎతియెన్ పాస్కియె అనే వకీలు కంటపడింది. ఇంకేముంది, ఆమె ఒక కవిత, ఆయన ఒక కవిత చెప్పారు. తక్కిన న్యాయకోవిదులు ఫ్రెంచి చాలక లాటిన్, గ్రీకులలో సైతం ఆ పురుగు భాగ్యాన్ని కొనియాడారు. ఆ కవితలు పుస్తకంగానూ అచ్చయ్యాయి. మన కోర్టులలో వాయిదాలు పడితే పద్యాలైనా రాలవు.

1775లో రాణి మేరీ ఆంట్వానెట్ ధరించిన ఊదా ఛాయ గోధుమ రంగు గౌనును చూసి, అది ప్యూస్ రంగు అని 16వ లూయీ అన్నాడట. రాజుగారి వెక్కిరింత దర్బారుకు ఫ్యాషన్ అయింది. ముసలి ప్యూస్ రంగు, పడుచు ప్యూస్ రంగు, ప్యూస్ పొట్ట రంగు, ప్యూస్ తొడ రంగు అంటూ తేడాలు కూడా పుట్టుకొచ్చాయి. తొడ రంగును అంత నిశితంగా ఎవరు పరిశీలించారో విచారించవలసి ఉంది.

1898లో మాత్రం చిక్కు వచ్చిపడింది. ప్లేగును ఎలుక నుంచి ఎలుకకు మోసేది ఈ జాతేనని పాల్ లూయీ సిమోన్ అనే ఫ్రెంచి వైద్యుడే కరాచీలో ప్రయోగం చేసి చూపించాడు. నేరం ఎలుకల శాఖలోని దాయాదిది, మాది కాదని వాదించుకునే వీలు పూలెక్స్ వారికి ఉన్నా, వాదించవలసిన అవసరమే రాలేదు. రోలాండ్ మొరెనో 1974లో పేటెంటుకు దరఖాస్తు చేసిన చిప్పు కార్డును ఫ్రెంచివారు ‘ప్యూస్ ఉన్న కార్డు’ అంటారు. అంటే ప్లేగు కేసున్న వంశం పేరు మీదే బ్యాంకు డబ్బు నడుస్తోంది. స్పానిష్ మాట్లాడేవారు ఫుట్‌బాల్ వీరుడు మెస్సీని ‘లా పుల్గా’ అని నెత్తిన పెట్టుకున్నారు. ఫ్రెంచి తల్లులు నేటికీ చంటిబిడ్డను ‘మా ప్యూస్’ అని ముద్దు చేస్తారు. అభియోగం రుజువయ్యాక కూడా ప్రమోషన్లు ఆగని ఉద్యోగి చరిత్రలో వీరొక్కరేనని రాయబోయి, మన సచివాలయాలు గుర్తుకొచ్చి విరమించుకున్నాను.