పక్క కుర్చీలో ఉన్నవారి సంగతేమిటి?

రొమ్ము క్యాన్సర్ గడ్డ తీసేశారు, కీమో అయిపోయింది, ఇంటికి వెళ్లొచ్చన్నారు. చుట్టాలందరికీ అది పండగరోజు. అమెరికాలోని లాటినా (లాటిన్ అమెరికా మూలాలున్న) మహిళల్లో ఎందరికో అసలు దిగులు మొదలయ్యేది ఆ రోజునే. మెక్సికో, గ్వాటెమాలా, ఎల్ సాల్వడార్‌ల నుంచి వలస వచ్చి ఇళ్లు శుభ్రం చేసో, హోటల్ గదులు సర్దో బతుకుతున్నవారు వీరిలో చాలామంది. చంకలోని గ్రంథులు తీసేసిన వైపు చేయి వాస్తుంది. ఆ చేత్తోనే మళ్లీ పరుపులెత్తాలి. జబ్బు తిరగబెడుతుందేమోనన్న భయం సరేసరి. అది రాత్రిళ్లు నిద్రపోనివ్వదు.

అమెరికాలో హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్న) మహిళల క్యాన్సర్ మరణాల్లో మొదటి స్థానం రొమ్ము క్యాన్సర్‌దే. శ్వేతజాతి మహిళలకన్నా వీరికి ఆ జబ్బు తక్కువగా వస్తుంది. వచ్చినప్పుడు మాత్రం ముదిరాక బయటపడటం ఎక్కువ. బీమా లేనివారు వీరిలో చాలామంది. కాగితాలు లేని వలసదారులకైతే ఒబామాకేర్ చట్టం కింద ఏర్పడ్డ ఆరోగ్య బీమా మార్కెట్‌లో సొంత డబ్బుతో పాలసీ కొనుక్కునే వీలు కూడా లేదు.

రోగి కష్టమైనా కనబడుతుంది, కనిపెట్టుకుని ఉండేవారి కష్టం ఎవరికీ పట్టదు. పద్నాలుగేళ్ల కూతురు డాక్టరు ఎదుట తల్లి పక్కన కూర్చుంటుంది. ఆయన ఇంగ్లిషులో చెప్పింది అమ్మకు స్పానిష్‌లో చెప్పాల్సింది ఆ పిల్లే. ‘ఎముకలకు పాకింది’ అన్నచోట దాని గొంతు పూడుకుపోతుంది. ‘ఇంకొన్నాళ్లు మందులు వాడాలట’ అని మార్చి చెబుతుంది. అమ్మకు అర్థమవుతుంది. అయినా బిడ్డ బెంగపడుతుందని అర్థం కానట్టే ఉంటుంది. ఒకరి నుంచి ఒకరు దాచుకునే ఈ దుఃఖం ఏ స్కానింగ్‌లోనూ కనబడదు. అత్యవసరమైతే తప్ప పిల్లల్ని దుబాసీలుగా వాడరాదని 2016 నుంచి నిబంధన ఉంది. ఇంగ్లిషు రానివారికి భాషా సాయం అందించాలన్న 2000 నాటి అధ్యక్ష ఉత్తర్వును మాత్రం 2025 మార్చిలో రద్దు చేశారు. ఇది తప్పుడు నిర్ణయమని మా అభిప్రాయం.

ఇంటిమనిషికి జబ్బు చేస్తే ఉద్యోగం మానేసైనా దగ్గరుండి చూసుకోవడాన్ని లాటినోలు ‘ఫమిలిస్మో’ అంటారు. కుటుంబమే ముందన్న ఆ భావన తెలుగువాళ్లకు విడమర్చి చెప్పనక్కర్లేదు. కానీ 1993 నాటి కుటుంబ, వైద్య సెలవు చట్టం ఇచ్చేది 12 వారాల సెలవు, అదీ జీతం లేకుండా. యాభై మందికన్నా తక్కువ పనిచేసే ప్రైవేటు సంస్థల్లో అదీ ఉండదు. రోజుకూలీతో ఇల్లు గడిపే కూతురు, తల్లి కీమోకూ ఇంటి అద్దెకూ మధ్య నలిగిపోతుంది.

దీనికి విరుగుడు తెలియక కాదు. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో రూపుదిద్దుకున్న ‘నుయేవో అమానెసేర్’ (కొత్త వేకువ) కార్యక్రమంలో, ఆ జబ్బును దాటివచ్చిన మహిళలే శిక్షణ పొంది, కొత్తగా దాని బారినపడ్డవారితో ఎనిమిది వారాలు స్పానిష్‌లో మాట్లాడారు. ఆందోళనను అదుపు చేసుకోవడం, డాక్టర్ని ప్రశ్నలడగడం నేర్పారు. 2015లో వెలువడిన ఫలితాల ప్రకారం ఆ 151 మంది అధ్యయనంలో, తోడు దొరికినవారి జీవన నాణ్యత మెరుగుపడింది. అరిజోనా విశ్వవిద్యాలయ పరిశోధకులైతే రోగితోపాటు ఆమె వెన్నంటి ఉన్నవారికీ ఫోన్లు చేశారు. ఇద్దరికీ మేలు జరిగింది. ఖరీదైన యంత్రాలేవీ అక్కర్లేదు. తెలిసిన భాషలో, అనుభవించినవారి నోట నాలుగు మాటలు చాలు.

ఇవన్నీ గ్రాంటు ఉన్నన్నాళ్లు నడుస్తాయి, అది అయిపోగానే ఆగిపోతాయి. రోగులకు దారిచూపే నావిగేటర్లకు, సంరక్షకుల శిక్షణకు ప్రభుత్వ బీమా పథకం మెడికేర్ 2024 నుంచి చెల్లిస్తోంది. మెడికేర్ ముఖ్యంగా 65 ఏళ్లు దాటినవారిది. లాటినా మహిళలకేమో రొమ్ము క్యాన్సర్ తరచూ అంతకన్నా చిన్న వయసులోనే వస్తోంది. పేదలకు ప్రభుత్వం ఇచ్చే బీమా మెడికెయిడ్, ప్రైవేటు బీమా కంపెనీలు కూడా ఈ ఖర్చును చికిత్సలో భాగంగానే భరించాలి. అమెరికాలో పిల్లల దగ్గర ఉంటున్న మన తెలుగు పెద్దలు ఎందరో అక్కడి ఆస్పత్రుల్లో కొడుకు నోటితోనో కోడలి నోటితోనో మాట్లాడుతున్నారు. కనుక ఈ డిమాండులో అక్కడి తెలుగు సంఘాలు కూడా గొంతు కలపాలి. మనసు ఎలా ఉందో చెప్పమని రోగి చేతికి ఆస్పత్రులు ఒక ప్రశ్నల కాగితం ఇస్తుంటాయి. అలాంటిదే ఇంకోటి, స్పానిష్‌లో, పక్క కుర్చీలో కూర్చున్నవారికీ ఇవ్వాలి.