తడి గుడ్డల లెక్క ఎవరి దగ్గర?

కాన్పుకు తిరుపతిలోని పుట్టింటికి వచ్చే మన ప్రవాస ఆడపిల్లల పెట్టెల్లో సగం చోటు డైపర్లదే. సందు చివరి మందుల షాపులోనూ దొరుకుతాయని చెప్పినా వినరు. మెత్తటి పాత పంచెలు చించి, ఉతికి, మడతపెట్టి ఎదురుచూస్తున్న అమ్మమ్మకూ రోజంతా డైపరే ఉండాలనే కూతురికీ అక్కడే పేచీ మొదలవుతుంది.

పగటిపూట నేను అమ్మమ్మ పక్షం. మే నెలలో తిరుపతి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ ఉక్కలో తడిసిన డైపర్‌ను గంటల తరబడి ఉంచితే పసిబిడ్డ తొడలు కందిపోక ఏమవుతాయి? అంతకన్నా పెద్ద కారణం ఇంకొకటి ఉంది. తల్లిపాలు సరిపోతున్నాయో లేదో ఇంట్లోనే తెలిపే కొలత తడి గుడ్డలే. మొదటి రెండు రోజులు ఒకటి రెండుసార్లే తడిపినా కంగారు అక్కరలేదు. ఐదో రోజు దాటాక మాత్రం రోజుకు కనీసం 6 సార్లు తడపాలి. తగ్గితే డాక్టరుకు చూపించాలి. తారులా నల్లగా, జిగురుగా వచ్చే విరేచనం కూడా అప్పటికి పసుపు రంగుకు తిరగాలి. గుడ్డ తడిస్తే వెంటనే చేతికి తెలుస్తుంది. డైపర్ మూడుసార్లు పోసినా పీల్చుకుని పొడిగా కనిపిస్తుంది. దాని మీది గీత రంగు మారుతుంది, నిజమే. ఎన్నిసార్లు తడిసిందో ఆ గీత చెప్పదు.

అలాగని అమ్మమ్మ చేసేవన్నీ ఒప్పుకోను. పౌడరు దట్టిస్తే ఆ ధూళి బిడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సాంబ్రాణి పొగ మీద గుడ్డలు ఆరబెట్టడమూ వద్దు. తుడవడానికి గోరువెచ్చని నీళ్లు, దూది చాలు. ఆడపిల్లకు ముందునుంచి వెనక్కే తుడవాలి. బొడ్డు ఊడేదాకా ఏది కట్టినా బొడ్డు కిందికే.

నవంబరు కాన్పులైతే నా పట్టు సడలుతుంది. ఈశాన్య రుతుపవనాల ముసురులో రోజుకు పది పన్నెండు గుడ్డలు ఎక్కడ ఆరతాయి? చెమ్మ గుడ్డ కట్టడం కన్నా డైపరే నయం. రాత్రిపూటా అంతే, బాలింతకు నిద్ర కావాలి. వాడిన డైపర్‌ను కాగితంలో పొట్లం కట్టాకే చెత్తబుట్టలో వేయాలి. 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనలూ అదే చెప్పాయి, పారిశుద్ధ్య కార్మికుల చేతులూ అదే కోరతాయి.

ఇక సెలవు మీద దిగిన తండ్రుల సంగతి. అమెరికాలో అర్ధరాత్రి లేచి డైపర్ మార్చగలిగే మనిషి అత్తగారింట్లో అతిథి అయిపోతాడు. అల్లుడి చేత ఆ పని చేయించడానికి అత్తగారికి మొహమాటం, తనంతట తాను అడగడానికి ఆయనకు బద్ధకం. గుడ్డలు ఉతకడం వద్దంటే, తడిసినప్పుడల్లా క్యాలెండరు మీద గీత గీసే పనైనా ఆయన పుచ్చుకోవచ్చు కదా!