యాస కామెడీ గారికి ఓ ‘తెలంగాణ ఆడమనిషి’ వ్రాయునది

గౌరవనీయులైన యాస కామెడీ గారికి,

హనుమకొండ నుంచి ‘తెలంగాణ ఆడమనిషి-2’ నమస్కరించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. మీ క్షేమం అడగక్కర్లేదు, టీవీ పెడితే కనిపిస్తూనే ఉన్నారు.

పై పేరు మీరు పెట్టిందే. నిన్న ఆదివారం మీ వెబ్ సిరీస్ వాళ్లు ఆడిషన్‌లో నా చేతిలో పెట్టిన కాగితం మీద అలాగే ఉంది. డాక్టరుకి పేరుంది, నర్సుకి పేరుంది, డాక్టరు గారి కుక్కకీ పేరుంది. జ్వరమొచ్చిన పిల్లాణ్ని చంకనేసుకుని ఆస్పత్రికి వచ్చే తల్లికి మాత్రం నంబరు. ఒకటో నంబరు ఆవిడ ఎవరమ్మా అని అడిగితే, కల్లు సీన్‌లో ఉంటుందన్నారు. సంతోషం, మాకు జనాభా పెరుగుతోంది.

పొద్దున రమ్మన్నారు. నయీంనగర్‌లో ఓ మేడ మీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, అన్నాల వేళ దాటాక పిలిచారు. దాని గురించి నేనేం అనను. ఆర్టిస్టులన్నాక ఎదురుచూడాలి. నా గోల ఆ కాగితం గురించే.

నా డైలాగు ఇది: ‘పోరడు మొన్నటిసంది తిండి ముడుతలేడు సారూ, మంచినీళ్లు సుత తాగుతలేడు.’ పక్కనే బ్రాకెట్లో ‘నవ్వులు’ అని ఉంది.

కళ్లజోడు సర్దుకుని మళ్లీ చదివాను. జోకు ఏదైనా రెండో పేజీలోకి జారిందేమోనని కాగితం తిప్పి చూశాను. లేదు. అంతకుముందు డాక్టరు ‘ఎప్పటి నుంచి తినడం లేదు?’ అని అడుగుతాడు. అక్కడ నవ్వులు లేవు. అదే సంగతి తల్లి నోట్లోంచి వస్తే ఉన్నాయి. పిల్లాడు తినట్లేదు అని తల్లి చెబుతుంటే జనం ఎందుకు నవ్వుతారు బాబూ అని అసిస్టెంట్ డైరెక్టర్‌ని అడిగాను. ‘నవ్వు ఎడిటింగ్‌లో కలుపుతాం ఆంటీ, మీరు టెన్షన్ పడకండి’ అన్నాడు పాపం, ఎంతో మర్యాదగా.

తర్వాత యాస కోచ్ వచ్చాడు. నిజంగానే ఆ పోస్టు ఉంది. పాతికేళ్ల కుర్రాడు, మన జిల్లాలవాడు కాదు, వీడియోలు చూసి నేర్చుకున్నానని తనే చెప్పాడు. నేను డైలాగు చెప్పాను. మా అమ్మ ఎలా అనేదో అలాగే అన్నాను. తల అడ్డంగా ఊపాడు.

‘మేడం, ఫీల్ రావట్లేదు. తాగుతలేడు బే, అనండి.’

డాక్టరుతోనా?

‘ఫన్ కోసం మేడం.’

వరంగల్ చుట్టుపక్కల ఏ తల్లయినా జ్వరమొచ్చిన పిల్లాణ్ని భుజానేసుకుని డాక్టరుతో ‘బే’ అంటే చూపించండి, నా నెల జీతం మీకే. మా ఇంట్లో ఆ మాట ఎవరైనా అంటే అమ్మ చీపురు తిరగేసేది. పోనీ, అదీ చెప్పి చూశాను. ఇంకొంచెం గట్టిగా అరవమన్నాడు. కొంగు నడుముకి దోపమన్నాడు. చేతులు తిప్పమన్నాడు. చివరికి జాలిపడి, ‘మీరు మరీ టీచర్‌లా మాట్లాడుతున్నారు మేడం, తెలంగాణలా అనిపించట్లేదు’ అన్నాడు. నేను తెలుగు టీచర్‌నే. పుట్టింది మడికొండ, మెట్టింది హనుమకొండ. ఇంకెక్కడికి పోయి తెలంగాణ నేర్చుకు రావాలో కూడా చెప్పి పంపాల్సింది.

వేషం ఇంకో అమ్మాయికి వెళ్లింది. బాగా అరిచింది. ఆమె మీద నాకేం కోపం లేదు. ఆమెకీ ఇంటద్దె ఉంటుంది.

కామెడీ గారూ, మీ మీద నా ఫిర్యాదు ఒక్కటే. మమ్మల్ని వెక్కిరించినందుకు కాదు, జోకు రాయకుండా కూలి తీసుకుంటున్నందుకు. మాట చివర్న కాస్త యాస పూసేస్తే నవ్వు దానంతటదే వస్తుందని మీకు ఎవరో నేర్పారు. ఆ సులువు మరిగారు.

సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతరకి ఒకసారి రండి, ఒగ్గు కథ వినండి. మా పక్క మాణిక్యాపురం చుక్క సత్తయ్య గారు ఆ కథతోనే దేశమంతా తిరిగి వచ్చారు. ఒగ్గు కథలో మల్లన్న దేవుడూ మా మాటే మాట్లాడతాడు, ఆయన పెళ్లామూ మా మాటే, రాజూ, గొర్లు కాసేవాడూ అంతే. అందరిదీ ఒకే మాట అయినప్పుడు మాటని చూసి ఎవడూ నవ్వడు. కథకుడు నవ్వించాలంటే నిజంగా ఏదో ఒక కొంటె పని చేయాలి. అర్ధరాత్రి దాటాక నిద్ర ఆపుకుంటూ కూర్చున్న జనాన్ని నవ్వించడం ఎంత కష్టమో డోలు కొట్టేవాణ్ని అడగండి. అక్కడ ఎడిటింగ్ లేదు.

అనుకరణ అంటారా, ఆ విద్య మాకు కొత్త కాదు. నేరెళ్ల వేణుమాధవ్ గారు 1932లో వరంగల్ మట్టెవాడలో పుట్టారు. ఆయన పుట్టినరోజు డిసెంబర్ 28ని మిమిక్రీ దినోత్సవంగా జరుపుకుంటారు. హనుమకొండ పబ్లిక్ గార్డెన్‌లో ఆయన పేరు మీద కళాప్రాంగణమే ఉంది. ఆయన ఒక మనిషిని పట్టుకునేవారు. ఆ మనిషి ఎక్కడ ఊపిరి పీలుస్తాడు, ఏ మాట దగ్గర ఆగుతాడు, ఎక్కడ గొంతు జీరపోతుంది అని చూసేవారు. మీరు జిల్లాలకు జిల్లాల్ని గంపగుత్తగా పట్టుకుంటారు. కరీంనగర్‌లో ‘అచ్చిండు’ అంటే మా దగ్గర ‘వచ్చిండు’ అంటారు, నిజామాబాద్ తీరు వేరు, నల్లగొండ తీరు వేరు. మీకేమో అన్నిటికీ ఒకటే పాట: కేక, తిట్టు, గ్లాసు.

మా మీద మీకు ప్రత్యేకంగా పగ లేదని తెలుసు. వాచ్‌మన్‌కి శ్రీకాకుళం, బాంబులకి సీమ, వడ్డీకి మార్వాడీ, ‘షాబ్’ అనడానికి గూర్ఖా, వంటకి అయ్యర్. లంబాడా ఆవిడనైతే అద్దాల గాగ్రా వేసి నిలబెడితే చాలు, మాట కూడా అక్కర్లేదనుకుంటారు. మీ దుకాణంలో అందరికీ లెక్క రాసి ఉంది.

2014 తర్వాత మీకు కొంచెం భయమో భక్తో పట్టిన మాట నిజం. రౌడీ వెనకాల నిలబడే మాకు హీరో ఫ్రెండ్‌గా ప్రమోషన్ ఇచ్చారు, ఒక్కోసారి హీరోగా కూడా. కాకపోతే తాగాలి. చావుకీ తాగాలి, పుట్టినరోజుకీ తాగాలి, పొద్దున్నే పళ్లు తోముకునే ముందూ తాగాలి. కొన్ని బాగా తీశారు, కాదనను. మా ఆయన, నేను కలిసి చూసి పొట్ట పట్టుకుని నవ్విన సినిమాలున్నాయి. వాటిల్లో జోకులున్నాయి, అందుకని.

కానీ డాక్టరు వేషం సంగతి? కాకతీయ మెడికల్ కాలేజీ 1959లో మొదలైంది. ఇన్నేళ్లలో అక్కడ చదివి బయటికొచ్చిన వాళ్లలో మా మాట మాట్లాడే డాక్టర్లు ఎందరో. మీ స్క్రిప్టులోకి వచ్చేసరికి వాళ్లంతా కాంపౌండర్లయిపోతారు. నర్సంపేట పక్కన లక్నేపల్లిలో పుట్టిన పీవీ 1991లో ప్రధానమంత్రి అయ్యారు. మీ ఆడిషన్‌కి వచ్చి ఉంటే లిఫ్ట్ దగ్గర స్టూలు వేసి కూర్చోబెట్టేవారు. రుద్రమదేవిని ఏం చేసేవారో నాకు తలుచుకోవాలని లేదు.

ఇదంతా సరదాకి మేడం, సీరియస్‌గా తీసుకోకండి అంటారు. సరే, నేను తీసుకోను. నాకు యాభై దాటాయి, తోలు మందం. మా బళ్లో పిల్లలకి అంత మందం లేదు. కాళోజీ గారు జీవితమంతా మా మాట కోసం కొట్లాడిన మనిషి. ఆయన పుట్టినరోజు, సెప్టెంబర్ 9, తెలంగాణ భాషా దినోత్సవం. ఆ రోజు మా ఏడో తరగతి పిల్లలు వాళ్లంతట వాళ్లే ఒక స్కిట్ తయారుచేశారు. అందులో ఊరికి కలెక్టరు వస్తాడు. తాగుబోతు ఒకడు అడ్డం పడతాడు. తాగుబోతు వేషం వేసిన పిల్లాడు చక్కగా ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడాడు. కలెక్టరు వేషం పిల్ల ‘మీ సమస్యలు ఏమిటో చెప్పండి’ అంది. ఆ పిల్ల తండ్రి హసన్‌పర్తిలో ట్రాక్టర్ నడుపుతాడు. ఆమె జన్మలో ఎవరితోనూ అలా మాట్లాడలేదు. తాగుబోతు నోరు తెరవగానే బడంతా పడీపడీ నవ్వింది. అందరి ఇళ్లలోనూ అదే మాట! వాళ్ల అమ్మ మాటని చూసి వాళ్లే నవ్వారు. కాళోజీ ఫొటోకి దండేసి, దాని ముందు నిలబడి.

ఎవరు నేర్పిన్రు వాళ్లకిది? నేను నేర్పిన్నా? పుస్తకంల ఉన్నదా? నువ్వు గాదూ! రోజూ రాత్రి అన్నం తినేటప్పుడు మా ఇండ్లల్లకొచ్చి కూసుంటవు, గౌరవంగల్లోళ్లు ఒక తీరు మాట్లాడ్తరు, గౌరవం లేనోళ్లు మీ అమ్మ లెక్క మాట్లాడ్తరని పోరగాండ్లకు నూరిపోస్తవు, పైకెళ్లి సరదా అంటవు. ఏం సరదా?

క్షమించాలి. ఏకవచనం దొర్లింది.

వచ్చే సెప్టెంబర్‌కి ఆ స్కిట్ నేనే రాస్తున్నాను. కలెక్టరుకి మా మాటే పెడతాను. తాగుబోతు మాత్రం ‘నేను త్రాగలేదండీ, దయచేసి నన్ను నమ్మండి’ అని మీ హీరోల తెలుగులో మాట్లాడతాడు. ఆ తెలుగు మా పిల్లలకి సరిగ్గా పలకదు కాబట్టి ఒక కోచ్ కావాలి. మీ కుర్రాడు ఖాళీగా ఉంటే పంపండి. ఆటో ఛార్జీలు మాత్రం ఇవ్వలేం. మీరూ ఇవ్వలేదు.

ఇట్లు,
ఒక తెలుగు పంతులమ్మ,
హనుమకొండ